పాత యిండ్ల పునరుద్ధరణ: పంచాయతీ సభ్యులకొక పాఠము

గ్రామములలో నేడు రెండు విధములగు ఇండ్లు ప్రక్కప్రక్కనే కానవచ్చుచున్నవి. ఒకటి ఇటీవల కట్టిన సిమెంటు శ్లాబు ఇల్లు. రెండవది 1950, 1960 సంవత్సరముల నాటి పెంకుటిల్లు లేక మిద్దె. ఈ రెండవ తరగతి ఇండ్లకు అరువది, డెబ్బది యేండ్ల వయస్సు వచ్చినది. వానిని కట్టించిన వారిలో పెక్కుమంది గతించిరి. వారి సంతానములో కొందరు పట్టణములలోను, మరికొందరు విదేశములలోను నివసించుచున్నారు. గ్రామమున మిగిలిన పెద్దలు గోడ చెమ్మగిల్లినదనియు, పెంకు కారుచున్నదనియు చింతించి, తుదకు "పడగొట్టి శ్లాబు వేయుటయే మేలు" అను నిర్ణయమునకు వచ్చుచున్నారు.

కొన్ని సందర్భములలో ఆ నిర్ణయము సరియైనదే. కాని పెక్కు సందర్భములలో ఆ ఇంటికి పట్టిన జబ్బు వార్ధక్యము కాదు, నీరు. వర్షపు నీటికిని, వాడుక నీటికిని పూర్వముండిన దారి మూతపడుటచే, ఆ నీరు గోడలోనికి దారి చేసికొనుటయే ఆ జబ్బునకు మూలము. ఈ నీటి దారిలో సగము ఇంటి యజమాని చేతిలో నున్నది. తక్కిన సగము వీధిలో, అనగా పంచాయతీ చేతిలో నున్నది. కావుననే ఈ పాఠము ఇంటి యజమానులకంటె ముందుగా పంచాయతీ సభ్యుల నుద్దేశించి వ్రాయబడినది.

ఆ ఇండ్లు ఎట్లు కట్టబడినవి?

ఒక వస్తువును బాగుచేయుటకు పూర్వము దాని నిర్మాణమును తెలిసికొనవలెను. 1950 ప్రాంతముల సిమెంటు ప్రభుత్వ నియంత్రణలో నుండెడిది. ఆ నియంత్రణ 1982లో కొంతవరకును, 1989లో పూర్తిగను తొలగింపబడినది. కావున ఆనాటి పల్లెటూరి ఇల్లు సాధారణముగా సున్నముతోడను, మట్టితోడను కట్టబడెడిది. సున్నమును, ఇసుకను ఎద్దుల గానుగలో మెత్తగా నూరి, ఆ అడుసుతో ఇటుకలను పేర్చెడివారు. దీనినే గానుగ సున్నమందురు. కొన్నిచోట్ల ఇటుక పొడిని కూడ కలిపెడివారు. మిద్దెల పైకప్పునకు దూలములపై ఇటుకలను నిలువుగా పేర్చి, వానిపై ఇటుక ముక్కలు, సున్నము కలిపిన కాంక్రీటును పరచి, బెల్లము, కరక్కాయ నానవేసిన నీటిని చల్లుచు, కొయ్య దిమ్మెలతో దినముల తరబడి దిమ్మిస వేసెడివారు. దీనికి మద్రాసు మిద్దె యని పేరు.

గోదావరి డెల్టాలోని మండువా లోగిలి ఆనాటి బుద్ధికుశలతకు మంచి ఉదాహరణము. ఇంటి నడుమ ఆకాశమునకు తెరచియుండు చదరము; దాని చుట్టును వసారాలు, గదులు; నలువైపుల నుండి లోపలికి వాలిన పెంకు కప్పు; వీధి గుమ్మమునకు ఇరువైపుల అరుగులు; వెనుక పెరడు, నుయ్యి, కొబ్బరి చెట్లు. వీనిలో ఏదియు కేవలము అందమునకు పెట్టినది కాదు. మండువా ఇంటిలోని వేడి గాలిని పైకి పోనిచ్చును, వెలుతురును తెచ్చును. చూరు గోడను వాననుండి కాపాడును. అరుగు గోడ మొదలును వీధి నీటికి దూరముగా నుంచును. మండువాలో పడిన వాన నీరు నేల క్రింది తూము గుండ వెలికి పోవును. పెరటిలోని అరటి బోదెలు స్నానపు నీటిని పీల్చుకొనును. ఇల్లు, వీధి, పెరడు అను మూడును కలిసి ఒకే యంత్రముగా పనిచేసెడివి. ఒక భాగమును తొలగించినచో తక్కిన భాగములు దెబ్బతినుట సహజము.

ఒక ఇంటి చరిత్ర

ఈ విషయమును బోధపరచుటకు ఈ వ్యాసకర్త తన కుటుంబమున జరిగిన తప్పులనే ఉదాహరణముగా చెప్పదలచినాడు. కోనసీమలోని ఒక గ్రామమున మా తాతగారు 1958లో ఒక మండువా ఇల్లు కట్టించిరి. గానుగ సున్నపు గోడలు, తాటి వాసములు, బెంగుళూరు పెంకులు. వీధి కంటె ఇంటి నేల 60 సెంటీమీటర్లు, అనగా రెండడుగుల ఎత్తున నుండెడిది.

1996 నవంబరు 6వ తేదీన కోనసీమను పెనుతుపాను తాకినది. ఆ రాత్రి వీధి వైపు చూరు క్రిందికి గాలి దూరి పెంకులు ఎగిరిపోయినవి. మరుసటి యేట కప్పును సరిచేయునప్పుడు, గాలికి పట్టు చిక్కకుండవలెనని చూరును అడుగున్నర మేర కత్తిరించిరి. నాటినుండి వాన నేరుగా గోడపై పడుట ప్రారంభమైనది. తరువాత వీధిలో మట్టి బాటకు బదులు సిమెంటు రోడ్డు వేసిరి. పదునెనిమిదేండ్లలో మూడు మారులు, పాత రోడ్డును త్రవ్వకయే, దానిపై మరొక పొర వేయుట జరిగినది. ఒక్కొక్క పొర 15 సెంటీమీటర్లు. మూడు పొరలకు 45 సెంటీమీటర్లు. రెండడుగుల ఎత్తున నుండిన ఇంటి నేల, వీధి కంటె అరడుగు మాత్రమే ఎత్తున మిగిలినది.

అంతకంటె ముఖ్యమైన నష్టము మరొకటి కలిగినది. మండువా తూము రోడ్డు మట్టమునకు దిగువన పడిపోయినది. లోపలి నీరు వెలికి పోవుటకు బదులు, వీధి నీరే తూము గుండ మండువాలోనికి రాజొచ్చినది. ఇక మండువాలో వాన పడకుండ చేయుటయే మార్గమని తలచి దానిని ఇనుప రేకుతో కప్పించితిమి. ఇల్లు చీకటిదైనది, వేసవిలో కొలిమివలె వేడెక్కెను. 2003లో గోడలకు చెమ్మ కనబడగా, మేస్త్రీ సలహాపై వెలుపలను, లోపలను సిమెంటు పూత వేయించితిమి. రెండేండ్లు గోడ నున్నగా, పొడిగా కనబడినది. పిమ్మట చెమ్మ మునుపటి కంటె పైకి ప్రాకినది. రంగు పొక్కినది. తెల్లని ఉప్పు పొడి రాలినది. మా నాయనమ్మ ప్రతి వేసవిలోను గోడకు చేయి ఆనించి, "ఎండలో కూడా చెమట పడుతోందిరా ఈ గోడకి" అనుచుండెడిది. మేము వినలేదు, మరొక పూత రంగు వేయించితిమి.

2020 అక్టోబరు 13న వాయుగుండము కాకినాడ సమీపమున తీరము దాటినది. ఆ వారము ఎడతెగని వాన. ఒకనాటి రాత్రి పడమటి గది గోడ నడుమ నుండి జారి కూలినది. ఆ గది మా నాయనమ్మ పడుకొనునది. కప్పు కారుచుండుటచే ఆమె ఆ సాయంకాలమే మంచమును తూర్పు వసారాలోనికి మార్పించుకొన్నది. అందుచేత మాత్రమే ప్రాణములు దక్కినవి. మరునాడు చూచినవారందరును ఇల్లు పాతబడినదనిరి. కాని కూలిన గోడలోని ఇటుకలను విప్పి చూడగా, పై భాగమున సున్నము రాయివలె గట్టిగా నుండెను. క్రింది మూడడుగులలో మాత్రము అది తడిసి, ఉప్పు పట్టి, వ్రేలితో గీరిన రాలునట్లుండెను. గోడను చంపినది వయస్సు కాదు. మేము దానిలో బంధించిన నీరు.

గోడ ఎందువలన చెమ్మగిల్లును?

ఇటుకలోను, సున్నములోను కంటికి కనబడని సన్నని రంధ్రములు కలవు. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు, ఆ రంధ్రములు నేలలోని తడిని పైకి పీల్చును. ఆ తడి సాధారణముగా మూడడుగుల వరకు ప్రాకును. పాత ఇండ్ల పునాదిలో చెమ్మను ఆపు పొర తరచుగా నుండదు. అయినను సున్నపు గోడకు ప్రమాదము లేదు. ఏలయనగా, సున్నపు పూత గుండ ఆ తడి ఎప్పటికప్పుడు గాలిలోనికి ఆరిపోవును. సిమెంటు పూత బిగువైనది. అది ఆ ద్వారమును మూసివేయును. ఆరుటకు చోటు లేని తడి మరింత పైకి ప్రాకును. తడితో వచ్చిన లవణములు పూత వెనుక స్ఫటికములై, పెరిగి, పూతను ఉబ్బించి రాల్చును. గ్రామస్థులు దీనినే గోడకు చౌడు పట్టినదందురు.

దీనినుండి గ్రహింపవలసిన సూత్రమొకటి కలదు: పాత గోడకు దాని స్వభావమునకు తగిన పదార్థముతోడనే మరమ్మతు చేయవలెను. సిమెంటు చెడ్డ పదార్థము కాదు. దానికి తగిన స్థానములు వేరు. మెత్తని సున్నపు గోడపై గట్టి సిమెంటు పొర అతుకదు, ఊపిరాడనీయదు.

మరమ్మతు క్రమము

మా ఇంటి పని 2022లో జరిగినది. ఆ పనిలో నేర్చుకొన్న క్రమమును క్రింద వివరించుచున్నాము. ఈ క్రమమును తలక్రిందులు చేసినచో ధనము వ్యర్థమగును. రంగులు, నేల బండలు మొదట వేయించి, కప్పు తరువాత చూచుకొందమనువారు అదే పనిని రెండు మారులు చేయింపవలసి వచ్చును.

మొదటిది, నీటిని మరల్చుట. వీధి మట్టమును, ఇంటి నేల మట్టమును, పెరటి మట్టమును మేస్త్రీల నీటి గొట్టముతో కొలిపించి కాగితముపై వ్రాసికొనవలెను. గోడ చుట్టును పేరుకొన్న మట్టిని తొలగించి, వెలుపలి నేలను లోపలి నేలకంటె కనీసము అరడుగు దిగువకు తేవలెను. ఆ నేల ఇంటినుండి దూరముగా వాలునట్లు చేయవలెను. గోడ మొదట సిమెంటు గచ్చు వేసి బిగించుటకంటె, గులకరాళ్ళు నింపిన లోతులేని కాలువ త్రవ్వుట మేలు. తడి ఆరుటకు వీలగును. మా ఇంటి మండువా తూమును వీధి వైపు మూసి, పెరటి వైపునకు త్రిప్పి, నూతికి దూరముగా ఒక ఇంకుడు గుంటలోనికి వదలితిమి.

ఈ నీటి పరిమాణము తక్కువైనది కాదు. ఒక చదరపు మీటరు కప్పుపై ఒక మిల్లీమీటరు వాన పడినచో ఒక లీటరు నీరగును. 150 చదరపు మీటర్ల కప్పుపై ఒక రాత్రి 100 మిల్లీమీటర్ల వాన పడినచో 15,000 లీటర్లు. అంత నీటికి దారి చూపకున్నచో అది తన దారిని తానే చూచుకొనును.

రెండవది, కప్పు. పెంకులను దింపి, పగిలినవానిని వేరుచేసి, వాసముల కొనలను ఇనుప చువ్వతో గుచ్చి చూడవలెను. వాసములు తరచుగా గోడలో దిగిన చోటనే కుళ్ళును. కొన మాత్రమే చెడినచో వాసమంతయు మార్చనక్కరలేదు. గట్టి కర్రను ప్రక్కన జోడించి బోల్టులతో బిగింపవచ్చును. చెదలు పట్టినచో, నేల నుండి గోడ వెంబడి వచ్చు మట్టి గొట్టములను కనిపెట్టి, మూలమును నిర్మూలింపవలెను. తీరప్రాంతములలో గాలి కప్పును క్రిందికి నొక్కుట కంటె పైకి లేపుటయే అధికము. కావున వాసములను గోడపై దూలమునకును, ఆ దూలమును గోడకును ఇనుప పట్టీలతో కట్టవలెను. నడికొప్పు వద్దను, అంచుల వద్దను పెంకులను సున్నముతో గట్టిగా పొదుగవలెను. చూరును కత్తిరించుట పరిష్కారము కాదు. ప్రధానమైన కప్పు చూరును మితముగా నుంచి, దాని దిగువన వసారాకు వేరొక కప్పును విడిగా నిర్మింపవలెను. పెనుగాలికి వసారా కప్పు పోయినను ఇంటి కప్పు నిలుచును. గోడపై వాన పడదు.

మూడవది, గోడలు. సిమెంటు పూతను జాగ్రత్తగా ఊడదీసి, గోడను కనీసము ఒక వేసవి ఆరనీయవలెను. మేము జనవరిలో ఊడదీసి మే నెల వరకు ఆగితిమి. చెడిన సందులను గీరి, సున్నము, ఇసుక, ఇటుక పొడి కలిపిన అడుసుతో నింపితిమి. సున్నమును కనీసము రెండు మూడు వారములు నీటిలో నానబెట్టవలెను. కాల్చిన సున్నము నీటితో కలియునప్పుడు మిక్కిలి వేడిని పుట్టించును. కన్నులకు, చర్మమునకు హాని చేయును. పిల్లలను దగ్గరకు రానీయరాదు. పూతను పలుచని పొరలుగా వేసి, తడి గోనెలు కప్పి, నెమ్మదిగా గట్టిపడనీయవలెను. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును తిరిగి గ్రహించి గట్టిపడును, తొందరకు లొంగదు. తుదకు వెల్ల వేసితిమి.

నాలుగవది, గాలి, వెలుతురు, విద్యుత్తు. మండువాపై రేకును తీసివేయుటకు ఇంటిలోని వారు మొదట ఒప్పుకొనలేదు. కోతులు, దొంగలు అను భయము న్యాయమైనదే. కావున కప్పు కంటె రెండడుగుల ఎత్తున ఒక పారదర్శకమైన రేకును, నాలుగు ప్రక్కల ఇనుప జాలీని అమర్చితిమి. వేడి గాలి ప్రక్కలనుండి పోవుచున్నది, వెలుతురు వచ్చుచున్నది. పాత విద్యుత్ తీగలను పూర్తిగా మార్పించి, భూమికి విద్యుత్తు ప్రసరించినచో తక్షణము సరఫరా నాపు స్విచ్చిని పెట్టించితిమి. తడి గోడలో పాత తీగ ఉండుట గోడ కూలుట కంటె తక్కువ ప్రమాదము కాదు.

ఐదవది, పెరడు. ఇంటికి పడమట ఎండ తీవ్రముగా నుండును. ఆ దిక్కున వేప, కానుగ వంటి చెట్టు, గోడకు తగినంత దూరములో నున్నచో, మధ్యాహ్నపు వేడి గోడకు చేరక మునుపే తగ్గును. రావి, మఱ్ఱి మొలకలు గోడలోను, కప్పుపైను మొలచినచో చిన్నవిగా నున్నపుడే వేళ్ళతో తీసివేయవలెను. పైన నరికి వదలిన మొలక మరల చిగిర్చి, వేళ్ళు లావెక్కి, గోడను చీల్చును. మా నాయనమ్మ తన మంచమును నేడు పడమటి గదిలో తిరిగి వేయించుకొన్నది. కిటికీ తెరచినచో ఆమెకు నుయ్యి, అరటి చెట్లు కనబడును. ఆమె దృష్టిలో ఈ పునరుద్ధరణకంతకును ప్రయోజనము అదియే.

వ్యయము విషయమున ఒక మాట. మా ఇంటికి అయిన ఖర్చు, పడగొట్టి క్రొత్తది కట్టుటకు మేస్త్రీ చెప్పిన అంచనాలో మూడవ వంతునకు లోపుగనే తేలినది. అందులో అధికభాగము కూలి. ఆ కూలి గ్రామములోని తాపీ పనివారికిని, వడ్రంగులకును చేరినది. ప్రతి ఇంటికి ఇదే లెక్క వర్తించునని చెప్పజాలము. కాని పడగొట్టుటకు ముందు రెండు అంచనాలను ప్రక్కప్రక్కన పెట్టి చూచుట వివేకము.

ఇతర ప్రాంతముల ఇండ్లు

పైన చెప్పినది డెల్టా ప్రాంతపు ఇల్లు. నీటిని గూర్చిన సూత్రము అన్ని ప్రాంతములకును వర్తించును. జాగ్రత్తలు మాత్రము భిన్నము. రాయలసీమలోని చవుడు మిద్దెలపై కారుటను ఆపుటకు ఏటేట క్రొత్త మట్టి వేయుట వాడుక. పాత మట్టిని తీయక క్రొత్తది వేసినచో బరువు పెరుగును. 10 సెంటీమీటర్ల మందము గల మట్టి చదరపు మీటరునకు సుమారు 160 కిలోలు తూగును. 12 చదరపు మీటర్ల గదిపై అది సుమారు 1,900 కిలోలు. తడిసినచో ఇంకను అధికము. దూలములు కుంగిన మిద్దెపై మట్టి చేర్చుట అనగా నిద్రించువారిపై బరువు పెంచుటయే.

రాతి గోడల విషయమున 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతమున సంభవించిన భూకంపము గొప్ప గుణపాఠము. అచట వేలాదిమంది మరణించిరి. దళసరి రాతి గోడలు లోపలి వరుస, వెలుపలి వరుస అని రెండుగా విడిపోయి, బరువైన మట్టి కప్పులు మీద పడుట ఇందుకు ముఖ్య కారణము. మన ప్రాంతము కూడ భూకంపములకు అతీతము కాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలము సమీపమున 5.7 పరిమాణము గల భూకంపము వచ్చినది. కావున రాతి గోడను మరమ్మతు చేయునప్పుడు, గోడ మందమంతయు పట్టునంత పొడవు గల రాళ్ళను, లేక ఇనుప కొక్కెముతో కూడిన కాంక్రీటు ముక్కలను, దూరదూరముగా గ్రుచ్చి రెండు వరుసలను కలుపవలెను. ఇట్టి పనికి ఇంజనీరు పర్యవేక్షణ అవసరము.

నల్లరేగడి నేలలలో వేసవిలో వెడల్పై, వానలలో మూసికొను నిలువు పగుళ్ళు కనబడును. ఇవి నేల ఎండి ముడుచుకొనుటచే వచ్చునవి. గోడ ప్రక్కన పెద్ద చెట్టు ఉన్నచో ఈ పగుళ్ళు హెచ్చును. పగులుపై కాగితపు పట్టీని అంటించి తేదీ వ్రాయుడు. మూడు నెలలలో పట్టీ చినిగినచో పగులు పెరుగుచున్నదని తెలియును. పెరుగు పగులును పూతతో కప్పుట రోగమును దుప్పటితో కప్పుట వంటిది.

శ్లాబు ఇండ్లకు కప్పు వేడి ముఖ్యమైన బాధ. వేసవికి ముందు శ్లాబుపై తెల్లని పూత వేసినచో ఎండను వెనుకకు త్రిప్పి, లోపలి వేడిని తగ్గించును. ఈ పద్ధతిని ప్రోత్సహించుటకు తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది.

ఆరోగ్యమునకు సంబంధించిన రెండు హెచ్చరికలు. ఆస్‌బెస్టాస్ రేకులను తొలగించునప్పుడు విరుగగొట్టరాదు, కోయరాదు. నీటితో తడిపి, మొత్తముగా దింపవలెను. దాని ధూళి ఊపిరితిత్తులకు మిక్కిలి ప్రమాదకరము. రెండవది, పాత తలుపుల రంగులలో సీసము ఉండవచ్చును. ఇండ్లకు వాడు రంగులలో సీసమును పరిమితము చేయు నియమము మన దేశమున 2017 నవంబరు నుండి మాత్రమే అమలులోనికి వచ్చినది. కావున పాత రంగును పొడిగా గీరక, తడిపి గీరవలెను. పసిపిల్లలను, గర్భిణులను దూరముగా నుంచవలెను.

ఏ యిల్లు నిలుపరాదు?

పాత ఇంటిపై గల మమకారము ప్రాణములకంటె గొప్పది కాదు. మేస్త్రీ తూకపు గుండు వేసి చూచినపుడు గోడ నడుమ ఉబ్బెత్తుగా కనబడినను, మూలలలో రెండు గోడలు విడిపోవుచున్నను, దూలము నడుమ కుంగినను, శ్లాబులోని కమ్మి తుప్పు పట్టి పెచ్చులు ఊడిపడుచున్నను, వెంటనే అందులోని వారిని వెలికి పంపి, ఇంజనీరుచే పరీక్షింపజేయవలెను. ప్రమాద స్థితిలో నున్న కట్టడముల విషయమున చర్య తీసికొను బాధ్యత పంచాయతీపై గలదు. నోటీసు ఇచ్చి ఊరకుండుట చాలదు. వానకాలమునకు ముందే అట్టి ఇండ్లను గుర్తించి, అందు నివసించు వృద్ధులకు తాత్కాలికముగా తలదాచుకొను చోటు చూపవలెను.

పంచాయతీ చేయదగినది

పంచాయతీ సభ్యులు ఈ క్రింది విషయములపై తీర్మానములు చేసికొనుట శ్రేయస్కరము.

1. వీధికి సిమెంటు రోడ్డు వేయుటకు ముందు, ఆ వీధిలోని ప్రతి ఇంటి గుమ్మపు మట్టమును కొలిపించి, అంచనా పత్రముతో జతపరచవలెను. పాత పొరను త్రవ్వి తీసిన పిమ్మటనే క్రొత్త పొర వేయవలెనని షరతు పెట్టవలెను. రోడ్డు మట్టము గుమ్మములకంటె పెరుగరాదు.

2. రోడ్డుతో పాటే మురుగు కాలువ ఉండవలెను. ఇండ్ల తూములు కాలువలోనికి దిగుచున్నవో లేదో పరీక్షింపవలెను.

3. ఏటేట మే నెలలో సభ్యులు వార్డుల వారీగా నడచి, పాత ఇండ్ల జాబితా తయారుచేసి, వానిని మూడు తరగతులుగా విభజింపవలెను: మంచి స్థితిలో నున్నవి, మరమ్మతు కోరునవి, ప్రమాదకరమైనవి.

4. సున్నపు పని తెలిసిన వృద్ధ మేస్త్రీలు గ్రామమున నున్నచో, వారి చేత యువకులకు ఆ పని నేర్పింపవలెను. పంచాయతీకే చెందిన పాత కట్టడ మొకదానిని ఇందుకు పాఠశాలగా చేసికొనవచ్చును.

పై నాలుగింటిలో మొదటిదే ముఖ్యము. మా వీధిలో మూడు మారులు రోడ్డు వేసినపుడును సభ్యులు సదుద్దేశముతోడనే వేసిరి. బురద లేని వీధి కావలెనని మేమును కోరితిమి. గుమ్మము మట్టమును కొలువవలెనని ఎవరికిని తోచలేదు. ఒక్క నీటి గొట్టము, ఒక కాగితము, ఒక పూట శ్రమ ఉండినచో ఒక గోడ నిలిచియుండెడిది. ఒక వృద్ధురాలి ప్రాణము ఒక సాయంకాలపు ఆలోచనపై ఆధారపడవలసిన అగత్యము కలుగకుండెడిది.

చర్చించుటకు ప్రశ్నలు

మీ తదుపరి సమావేశమున ఈ క్రింది ప్రశ్నలకు సమాధానములు వ్రాయుడు.

మీ గ్రామమున 1970కి పూర్వము కట్టిన ఇండ్లు ఎన్ని? వానిలో ఎన్నింటి గుమ్మము నేడు వీధి కంటె దిగువన నున్నది? గడచిన ఇరువదేండ్లలో మీ ప్రధాన వీధి ఎన్ని సెంటీమీటర్లు ఎత్తు పెరిగినది? వానలో ఆ వీధి నీరు ఎటు పోవుచున్నది? ఒంటరిగా నివసించు వృద్ధులు ఎవరెవరు, వారు నిద్రించు గది గోడ పొడిగా నున్నదా?

ఈ చివరి ప్రశ్నకు సమాధానము కార్యాలయమున కూర్చుండి వ్రాయునది కాదు. ఆ ఇంటికి వెళ్ళి, గోడకు చేయి ఆనించి చూచి వ్రాయవలసినది.